తిన్నాక షుగర్ ఎగరకుండా గింజల్లోని పీచును వాడుకోవడం ఎలా: కొనడం నుంచి గ్లూకోమీటర్ దాకా

"అన్నం పూర్తిగా మానేశానండీ. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం చపాతీ, రాత్రికి మిల్లెట్ ఉప్మా. అయినా తిన్నాక షుగర్ రెండొందల కిందికి దిగట్లేదు, ఎందుకు?" ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నన్ను అడుగుతూనే ఉంటారు. మా ఇంట్లోనూ ఇదే కథ జరిగింది. నాన్నకు షుగర్ బయటపడిన కొత్తలో పెద్ద స్టీలు గ్లాసు నిండా పల్చటి రాగి జావ, అందులో చిన్న బెల్లం ముక్క (బెల్లం మంచిదేగా అని అమ్మ ధైర్యం), గంట తర్వాత వేలు గుచ్చి చూస్తే 231. నాలుగు ఇడ్లీలు తిన్న రోజు కూడా అంత రాలేదు.

తప్పు రాగులది కాదు. మెత్తగా పిండి పట్టించి, జల్లెడ పట్టి, నీళ్లలా కాచి, రెండు నిమిషాల్లో గడగడా తాగించాం. అంటే పీచు పని చేయడానికి ఉన్న దారులన్నీ మేమే మూసేశాం. అందుకే ఏ గింజ తినాలన్న దానికంటే ఎలా పట్టించాలి, ఎలా వండాలి, ఎంత పెట్టుకోవాలి, పని చేసిందో లేదో ఎలా తేల్చుకోవాలి అన్నదాని మీదే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను.

## 1. ముందుగా: ఏ పీచు ఏం చేస్తుంది

ఇది అర్థమైతే మిగతా సగం పని తేలికవుతుంది.

ఓట్స్ వండిన గిన్నె కడుగుతున్నప్పుడు చేతికి జారుడుగా ఓ జిగురు తగులుతుంది చూడండి, అదే బీటా గ్లూకాన్. ఓట్స్‌లో, బార్లీలో ఎక్కువగా ఉండే కరిగే పీచు. కడుపులోనూ అలాగే నీళ్లు పీల్చుకుని చిక్కబడుతుంది. తిన్నది పేగులోకి నెమ్మదిగా దిగుతుంది, పిండిపదార్థం గ్లూకోజ్‌గా మారాక కూడా ఆ చిక్కదనంలోంచి పేగు గోడ దాకా చేరడానికి టైమ్ పడుతుంది. తినగానే నిట్టనిలువుగా లేవాల్సిన షుగర్ కాస్త వాలుగా లేస్తుంది.

గోధుమ తవుడు, జొన్న, రాగి, సజ్జల్లో ఉండేది ఎక్కువగా కరగని పీచు. ఇది చిక్కబడదు. మలబద్ధకానికి బాగా పనికొస్తుంది కానీ తిన్న రెండు గంటల్లో షుగర్ మీద దీని ప్రభావం నేరుగా పెద్దగా కనిపించదు. అయితే గింజ గింజగా ఉన్నంతవరకు ఈ పీచే లోపలి పిండికి ప్రహరీగోడ. అరిగించే ఎంజైములు ఆ గోడ దాటుకుని వెళ్లాలి. మెత్తగా పిండి పట్టించామంటే గోడ కూల్చి ఇచ్చినట్టే.

నమ్మకం కుదరకపోతే 2008లో వచ్చిన అంతర్జాతీయ గ్లైసెమిక్ ఇండెక్స్ (గ్లూకోజ్‌ను 100 అనుకుంటే ఓ పదార్థం తిన్నాక షుగర్ ఎంత లేస్తుందో చెప్పే కొలత) పట్టికలో అంకెలు చూడండి. తెల్ల బ్రెడ్ 75, గోధుమ బ్రెడ్ 74. ఒక్క అంకె తేడా! తెల్లన్నం 73, ముడిబియ్యం అన్నం 68. మామూలు ఓట్స్ జావ 55, అదే ఇన్‌స్టంట్ ఓట్స్ 79. బార్లీ 28. చిరుధాన్యాల జావ 67. పీచు ఉందా లేదా అన్నదొక్కటే లెక్కయితే గోధుమ బ్రెడ్ అంకె ఎక్కడో కింద ఉండాలి.

ఇంకో సంగతి ఉంది. అరగని పీచును పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెడుతుంది, దాని ఫలితం తర్వాతి భోజనం మీద పడుతుంది. రాత్రి బార్లీ తింటే మర్నాడు టిఫిన్ తర్వాత షుగర్ కొంచెం తక్కువ లేచినట్టు పరిశోధనల్లో కనిపించింది. కాబట్టి ఒక్క పూట రీడింగ్ చూసి తీర్పు చెప్పేయకండి.

## 2. వీళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు

నేను డాక్టర్ని కాదు. మందుల జోలికి మీ అంతట మీరు వెళ్లకండి.

- ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు. అన్నం తగ్గి మందు తగ్గకపోతే షుగర్ 70 కిందికి పడిపోవచ్చు.
- వోగ్లిబోస్, అకార్బోస్ వాడేవాళ్లు. వీటితో మామూలుగానే గ్యాస్ ఎక్కువ, పీచు ఒక్కసారిగా పెంచితే ఇంకా ఉబ్బరిస్తుంది. వీళ్లకు షుగర్ పడిపోతే ఇంట్లో పంచదార త్వరగా పని చేయదు, గ్లూకోజ్ పొడే ఇవ్వాలి, అది ఇంట్లో ఉంచుకోండి.
- కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతోందని డాక్టర్ చెప్పినవాళ్లు, పేగు ఆపరేషన్ అయినవాళ్లు.
- కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు. తవుడుతో ఉన్న ధాన్యాల్లో ఫాస్ఫరస్, పొటాషియం ఎక్కువ.
- గర్భిణులు. వాళ్ల టార్గెట్లు వేరు, గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు ఉండాలంటారు.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకు ఒక మాట: మాత్ర వేసుకున్న అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకండి. పీచు ఎక్కువున్న టిఫిన్ వెంటనే పడితే మందు సరిగా ఒంటపట్టదు.

## 3. ఏమేం కావాలి, గింజలు ఎలా కొనాలి

- గడువు దాటని స్ట్రిప్పులతో గ్లూకోమీటర్
- వంటింటి డిజిటల్ కాటా (ఉజ్జాయింపు గిన్నెలు వద్దు, మా ఇంట్లో "ఒక గ్లాసు" అంటే ముగ్గురికి మూడు కొలతలు)
- ఒక నోటుబుక్కు
- ఒకే ఒక్క కొత్త ధాన్యం, కిలో. ఐదు రకాలు ఒకేసారి కొనకండి, పురుగు పడతాయి.

హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల గింజలో పీచు ఇలా ఉంటుంది: పాలిష్ బియ్యం 2.8 గ్రాములు, ముడిబియ్యం 4.4, జొన్న 10 పైన, రాగి 11, సజ్జ 11.5, గోధుమ పిండి 11 పైన, బార్లీ 15 పైన, మైదా 2.8. అందరూ ఇక్కడి దాకానే చూసి ఆగిపోతారు. పక్క గడి కూడా చూడండి: పిండిపదార్థం బియ్యంలో 78 గ్రాములైతే జొన్న, రాగుల్లో 67 దాకా ఉంది. అంటే అన్నం బదులు రాగి సంకటి అని రెండు ముద్దలు ఎక్కువ లాగించామంటే లెక్క మళ్లీ మొదటికే.

కొనేటప్పుడు:

- కొర్రలు, సామలు మరీ తెల్లగా, నునుపుగా మెరుస్తుంటే పాలిష్ బాగా పట్టారని అర్థం. కొంచెం మబ్బు రంగులో, పైపొర ఉన్నవి అడగండి.
- ఓట్స్ అయితే రేకులు మందంగా ఉన్నవి, లేదా స్టీల్‌కట్ (గింజను రేకు చేయకుండా ముక్కలుగా తరిగినవి). మసాలా ప్యాకెట్ల జోలికి వెళ్లొద్దు.
- బార్లీ మన దగ్గర ఎక్కువగా పాలిష్ పట్టిందే దొరుకుతుంది. ఫరవాలేదు, బార్లీలో బీటా గ్లూకాన్ గింజ లోపలంతా పరుచుకుని ఉంటుంది కాబట్టి పైపొర పోయినా చాలా వరకు మిగులుతుంది.
- ప్యాకెట్ మీద "మల్టీగ్రెయిన్" అని ఉంటే వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదవండి. మొదటి పేరు మైదా అయితే అక్కడే పెట్టేసి రండి. "హై ఫైబర్" అని రాయాలంటే వందకు కనీసం 6 గ్రాములు ఉండాలి, అంకె వెతకండి. మిల్లెట్ బిస్కెట్ కూడా బిస్కెట్టే.
- పిండి మర దగ్గర "కొంచెం బరకగా పట్టు" అని చెప్పి పక్కనే నిలబడండి. ఇంటికొచ్చాక జల్లెడ పట్టకండి.

తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్ 15048) సంగతి చాలామంది అడుగుతారు. దాని గ్లైసెమిక్ ఇండెక్స్ 51 దగ్గర అని పేరు. మామూలు సన్నబియ్యం కంటే నయమే, కానీ అందులో పీచు ఎక్కువని మాత్రం అనుకోకండి, పాలిష్ పడితే అదీ తెల్లబియ్యమే. కొలత తప్పదు.

## 4. మొదటి మూడు రోజులు ఏమీ మార్చొద్దు

ఈ మెట్టు దాదాపు అందరూ ఎగ్గొడతారు. ఇప్పుడు ఎంత లేస్తోందో తెలియకుండా రేపు ఎంత తగ్గిందో ఎలా చెప్తారు?

ఒకే పూట ఎంచుకోండి, మధ్యాహ్నం భోజనం అనుకుందాం. రోజూ తినేదే తినండి, కాకపోతే బియ్యం వండక ముందు తూచండి. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న దగ్గర్నుంచి గంటకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి చూడండి. చేయి కడుక్కున్న దగ్గర్నుంచి కాదు, మొదటి ముద్ద నుంచి. మా నాన్న మామూలుగా ముప్పావు గంట తింటారు, ఈ ఒక్క పొరపాటుతో మేం వారం రోజులు తప్పుడు టైమ్‌కి చూశాం.

వేలు గుచ్చే ముందు చెయ్యి సబ్బుతో కడిగి తుడుచుకోండి. మామిడిపండు తిన్న చేత్తో గుచ్చితే వేలి మీది తీపి కూడా లెక్కలోకొచ్చి మీటర్ బెదరగొడుతుంది.

## 5. గింజ మార్చడం: సగం సగం, తూచి

నాలుగో రోజు నుంచి ఆ ఒక్క పూటే మార్చండి. బియ్యం 100 గ్రాములు వండుకునేవాళ్లయితే 40 బియ్యం, 40 కొర్రలు లేదా బార్లీ. మొత్తం తగ్గింది గమనించారా? అది కావాలనే. తగ్గిన చోటు కూరతో, పప్పుతో నిండాలి. వారం తర్వాత ఒంటికి పడితే బియ్యం 20కి దించండి. ఇంట్లో అందరికీ ఒకే అన్నం వండితే ఇంకా మంచిది, షుగర్ ఉన్నవాళ్లకు వేరే గిన్నె పెడితే అది మందులా అనిపించి నెల తిరక్కుండా మానేస్తారు.

టిఫిన్‌కు ఓట్స్ తినేవాళ్ల కోసం ఓ చిన్న లెక్క. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2011లో ఒప్పుకున్న ప్రకారం, భోజనంలో ప్రతి 30 గ్రాముల పిండిపదార్థానికి 4 గ్రాముల బీటా గ్లూకాన్ ఉంటే తిన్నాక షుగర్ లేవడం తగ్గుతుంది. 40 గ్రాముల ఓట్స్‌లో బీటా గ్లూకాన్ సుమారు గ్రామున్నర, పిండిపదార్థం పాతిక దాకా. అంటే కావాల్సిన దాంట్లో సగమే. అందులో అరటిపండు, తేనె, ఖర్జూరం పడేశారా, సగం కాస్తా పావు అయింది. రెండు మూడు చెంచాల ఓట్ బ్రాన్ (ఓట్స్ తవుడు) కలిపి, పండు బదులు గుప్పెడు వేరుశనగలు గానీ ఉడికిన గుడ్డు గానీ పక్కన పెట్టుకుంటే లెక్క కొంచెం దగ్గరపడుతుంది.

## 6. వండే తీరు

ఎక్కువమంది ఇక్కడే పోగొట్టుకుంటారు.

కొర్రలు, సామలు. కడిగి రెండు మూడు గంటలైనా నానబెట్టాలి. ఒకటికి రెండు, రెండుంబావు నీళ్లు. పొయ్యి ఆపాక పది నిమిషాలు మూత తియ్యకండి. గింజ విడివిడిగా, మెత్తగా ఉండాలి కానీ ముద్దయిపోకూడదు. ఎంత మెత్తని జావ అయితే అంత తొందరగా అరుగుతుంది.

బార్లీ. రాత్రి నానబెట్టి, ఒకటికి మూడు నీళ్లు పోసి, ఐదారు విజిల్స్. మిగిలిన నీళ్లు పారబోయొద్దు, బీటా గ్లూకాన్ కొంత ఆ జిగురు నీళ్లలోకే దిగుతుంది. బార్లీ నీళ్లు వడగట్టి తాగి గింజలు పారేసేవాళ్లున్నారు, అసలు పీచు చాలావరకు ఆ గింజల్లోనే పోయినట్టు. ఉడికిన బార్లీని కూరగాయలతో ఉప్మాలా తాలింపు పెట్టండి, లేదా బియ్యంలో నాలుగోవంతు కలిపి పులిహోర చేయండి, ఎవరూ కనిపెట్టలేరు.

రాగులు. జావ కాదు, సంకటి. చిక్కగా, నమిలి తినేలా. రాయలసీమ సంకటిలో వేసే బియ్యం నూక బదులు కొర్ర నూక వేయండి. పక్కన పల్లీ చట్నీ అయినా, నాటుకోడి పులుసు అయినా సరే, గోంగూర పప్పు అయినా సరే. బెల్లం వేసిన మాల్ట్ మాత్రం వద్దు.

జొన్నలు. బరక పిండితో, మరిగే నీళ్లు పోసి కలిపిన రొట్టె. తెలంగాణ ఇళ్లలో చేసే జొన్న గటక కూడా మంచిదే, దొడ్డు రవ్వతో చిక్కగా వండితే.

చపాతీ. రెండు తింటే గొడవ లేదు. "చపాతీయే కదా" అని ఐదు తింటేనే వస్తుంది చిక్కు.

వండిన అన్నాన్ని ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి వేడి చేసుకుంటే కొంత పిండి అరగని రకంగా మారుతుంది, నిజమే. తేడా కొద్దిగానే. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి, గట్టు మీద తెల్లవార్లూ వదిలేసిన అన్నం వేరే రోగాలు తెస్తుంది.

## 7. కంచంలో వరుస

మన భోజనంలో ఓ కిటుకుంది, మనకే వ్యతిరేకంగా పని చేసే కిటుకు. పప్పులోకి కొంచెం అన్నం, కూరలోకి కొంచెం, చారులోకి కొంచెం, ఆఖర్న పెరుగులోకి కొంచెం. నాలుగు "కొంచెం"లు కలిపితే అరకిలో అన్నం, తిన్నవాళ్లకు మాత్రం ఎప్పుడూ రెండు గరిటెలే తిన్నట్టు గుర్తు.

అందుకని:

1. తూచి వండిన అన్నం మొత్తం ఒకేసారి కంచంలో ఓ పక్కన పెట్టించుకోండి. మళ్లీ వడ్డన లేదు.
2. ముందు ఒక కప్పు కూరో, దోసకాయ ముక్కలో, పెసరపప్పు కోసంబరో ఉత్తిగా తినండి.
3. తర్వాత పప్పు, గుడ్డు, చేప, ఏది ఉంటే అది.
4. అన్నం ఆఖర్న. ఉన్నదాన్నే పప్పుకీ పెరుగుకీ పంచుకోండి.

కూర, పప్పు ముందు తిని అన్నం తర్వాత తింటే, అవే పదార్థాలు అంతే తిన్నా షుగర్ తక్కువ లేస్తుందని పరిశోధనల్లో తేలింది. ఖర్చు లేని పని. మొదట్లో వింతగా ఉంటుంది, కూర ఉత్తిగా తినడానికి అందులో ఉప్పు కారం కొంచెం తగ్గించాల్సి వస్తుంది కూడా.

భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు మేడ మీదో వీధిలోనో నడవండి. అయితే పీచు ఎంత పని చేసిందో కొలుస్తున్న రోజుల్లో నడకా ఒకేలా ఉండాలి. ఒకరోజు నడిచి ఒకరోజు పడుకుంటే తగ్గింది గింజ వల్లో నడక వల్లో తేలదు.

## 8. అంకెలు చదవడం

మీటర్ కచ్చితమైన యంత్రం కాదు. ప్రమాణాల ప్రకారం షుగర్ వంద పైన ఉన్నప్పుడు రీడింగు 15 శాతం అటూ ఇటూ ఉన్నా పాసైనట్టే. అసలు షుగర్ 180 ఉంటే అది 155 చూపించినా, 205 చూపించినా మీటర్ చెడిపోయినట్టు కాదు. కాబట్టి నిన్న 178, ఇవాళ 169 అని సంబరపడకండి. ఒకే భోజనం మూడు రోజులు తిని, మూడు రీడింగుల సగటు తీసి, పాత సగటుతో పోల్చండి.

తినే ముందు అంకె కూడా రాయండి. 110 నుంచి 170కి వెళ్లడం, 150 నుంచి 170కి వెళ్లడం ఒకటి కాదు. చూడాల్సింది ఎంత ఎగిరిందన్నది.

పీచు బాగా పని చేసినప్పుడు శిఖరం తగ్గడమే కాదు, వెనక్కి కూడా జరుగుతుంది. గంటకు 200 అయ్యేది 165కి తగ్గి, రెండు గంటలకు మాత్రం పాతదానికి దగ్గరగానే కనిపించొచ్చు. రెండు గంటలది ఒక్కటే చూసేవాళ్లు "ఏం ఉపయోగం లేదు" అని మానేసేది ఇక్కడే. సాధారణంగా పెద్దవాళ్లకు భోజనం మొదలెట్టిన గంట, రెండు గంటల మధ్య 180 లోపు అంటారు, మీ టార్గెట్ మాత్రం మీ డాక్టర్ చెప్పిందే.

నోటుబుక్కులో ఒక రోజుకు ఇంత చాలు:

- గింజ పేరు, పచ్చి బరువు
- వండిన తీరు (జావ, అన్నం, రొట్టె)
- ముందు, గంట, రెండు గంటల అంకెలు
- నడక ఉందా లేదా
- రాత్రి నిద్ర, జ్వరం, టెన్షన్ లాంటివి ఏవైనా

## 9. తేడా కొడితే

కడుపు ఉబ్బరం, గ్యాస్. పీచు ఒక్కసారిగా పెంచారు. సగానికి దించి, రెండు వారాల్లో మెల్లగా ఎక్కండి. నీళ్లు పెంచండి, లేకపోతే ఉబ్బరం పోయి మలబద్ధకం వస్తుంది. మొత్తం రోజుకు 30 గ్రాముల పీచు దగ్గరికి చేరితే చాలు, అదీ ఒక్క గింజలతోనే కాదు, పప్పులు కూరలు కలిపి.

గింజ మార్చినా అంకె మారలేదు. మూడు చూడండి: మొత్తం బరువు పెరిగిందా, మెత్తటి పిండి రూపంలో తిన్నారా, పక్కన తీపి ఏమైనా పడిందా. నూటికి తొంభైసార్లు మొదటిదే.

ఒకరికి పని చేసింది, ఇంకొకరికి చేయలేదు. మామూలే. నాన్నకు బార్లీ బాగా పడింది, మా పిన్నికి అదే బార్లీతో పెద్ద తేడా రాలేదు, ఆవిడకు జొన్న రొట్టె పనికొచ్చింది.

పరగడుపు షుగర్ తగ్గలేదు. ఇది వేరే సమస్య. తిన్నాక లేచేదాని మీద పీచు పని చేసినంత తొందరగా పరగడుపు అంకె కదలదు. దానికోసం ఇంకో గుప్పెడు తవుడు పోసుకోవద్దు, రీడింగులు పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. వెంటనే మీటర్ పెట్టండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. ఇంకా ఎక్కకపోతే మళ్లీ అంతే. మనిషి మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకండి, హాస్పిటల్‌కు తీసుకెళ్లండి. ఎక్కాక ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేసి కొత్త తిండి సంగతి, తూచిన బరువులతో సహా చెప్పండి. నోటుబుక్కులో ఆ పేజీ ఫొటో తీసి పంపిస్తే మాత్ర మోతాదు మార్చాలా వద్దా అన్నది ఆయనకు తేల్చడం సులువు.